కోడ్ ఉన్నన్నాళ్ళూ

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచయుద్ధాలకూ అక్కణ్ణించి మనుషులు వెళ్ళారు. ఇంటికొక సిపాయి ఉంటాడని చెప్పుకుంటారు. ఈ సంగతి జరిగిన ఊరు ఆ జిల్లాలోదే గానీ దానికంత పేరు లేదు. ఊరు మొత్తానికి ఒక్కడే సిపాయి. అతను కాశ్మీరు సరిహద్దులో కాపలా కాస్తూ పోయాడు.

పెట్టె గన్నవరం దాకా విమానంలో, అక్కణ్ణించి మిలటరీ లారీలో వచ్చింది. చెరువుగట్టున జవాన్లు గాల్లోకి తుపాకులు పేల్చారు. పెట్టె మీది జెండాను మడిచి, వాళ్ళ అధికారి రెండు చేతులతో తల్లికి అందించాడు. జెండాను చితి మీద వెయ్యకూడదు. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టింది. తండ్రి ముందే పోయాడు. అబ్బాయికి పెళ్ళి కాలేదు. ఇంట్లో ఇంక ఆవిడే.

ఏడాది తిరిగేసరికి బస్టాపు దగ్గర బొమ్మ లేచింది. కొత్తపేటలో చేయించారు. సెల్యూట్ కొడుతున్న సిపాయి, నిలువెత్తు. బొమ్మ ఖర్చు తల్లిది; సైన్యం నుంచి వచ్చిన డబ్బులోంచి ఇచ్చింది. దిమ్మకు తాపిన నల్లరాతి ఫలకం ఖర్చు పంచాయతీది.

ఆలస్యమంతా ఫలకం దగ్గరే అయింది. ఎవరి పేరు కింద ఎవరి పేరు ఉండాలన్న దానికి ప్రోటోకాల్ ఉంది. పైన మంత్రిగారు. ఆ కింద ఎంపీ, ఎమ్మెల్యే, జడ్పీ చైర్మన్, ఎంపీపీ, జడ్పీటీసీ, సర్పంచి, ఉపసర్పంచి. ఒక ఎమ్మెల్సీని మరిచిపోయినందుకు రాయి వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. ప్రతి పేరుకీ ముందు ‘గౌరవనీయులు’, వెనక ‘గారు’ పడ్డాయి. చెక్కేవాడికి అక్షరానికింతని లెక్క, అతను కాదనలేదు. అన్నీ అయ్యాక అడుగున ఒక్క వరుస మిగిలింది. సైన్యంలో మనిషిని రాసేటప్పుడు నంబరు, హోదా, పేరు అన్న క్రమంలో రాస్తారు. రాతి మీద నంబరు పట్టలేదు. నాయక్ అన్న హోదా పట్టలేదు. పేరు పట్టింది. దాని వెనక ‘గారు’కి చోటు లేదు.

ఆవిష్కరణ సభ బాగా జరిగింది. తల్లికి శాలువా కప్పారు. మంత్రిగారి కోసం సిపాయి పేరు చీటీ మీద రాసిచ్చారు గానీ, ఆయన మైకు ముందుకి వచ్చేసరికి చీటీ పీఏ జేబులో ఉండిపోయింది. ‘మన వీరజవాను’ అని ఆయన సరిపెట్టారు. చప్పట్లకి లోటు లేదు.

అప్పట్నించీ రోజూ పొద్దున్నే తల్లి వచ్చి దిమ్మ చుట్టూ ఊడ్చి, ఒక మందారం పెట్టి, బస్టాపు అరుగు మీద కూర్చునేది. బస్సు కోసం ఆగినవాళ్ళు ఫలకం చదివేవాళ్ళు. సగానికి వచ్చేసరికి బస్సు వచ్చేది. ఒకాయన పై వరుస చదివి, తలెత్తి బొమ్మను చూసి, “మంత్రిగారు ముందు మిలటరీలో చేసేవారాండీ?” అని ఆవిణ్ణే అడిగాడు. “కాదు బాబూ,” అని ఆవిడ చెప్పబోయింది. ఆయన అప్పటికే బస్సెక్కేశాడు.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కోడ్ ఆ క్షణం నుంచే. పోస్టర్లూ రాతలూ ప్రభుత్వ కార్యాలయాల మీద 24 గంటల్లో, బస్టాండ్ల లాంటి చోట్ల 48 గంటల్లో, ప్రైవేటు గోడల మీద 72 గంటల్లో పోవాలి. పంచాయతీ సెక్రటరీ కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. ఊళ్ళో ఉన్న విగ్రహాలన్నిటికీ ముసుగులు కడుతూ వచ్చి, అదే ఊపులో సిపాయికీ ఒకటి కట్టాడు.

తల్లి పంచాయతీ ఆఫీసుకి వెళ్ళింది.

“మావాడు ఏ పార్టీలోనూ లేడు బాబూ.”

సెక్రటరీ తహశీల్దారుకు ఫోన్ చేశాడు.

“బొమ్మ చెయ్యి ఎలా ఉంది?” అని అడిగారాయన.

“సెల్యూట్ సార్.”

“అరచెయ్యి కనబడుతుందా?”

సెక్రటరీ వెళ్ళి ముసుగు ఎత్తి చూశాడు.

“కనబడుతుంది సార్. అయిదు వేళ్ళూ.”

అటునుంచి కాసేపు మాట లేదు. చెయ్యి కూడా ఒక పార్టీ గుర్తే.

“సైన్యంలో సెల్యూట్ అలాగే కొడతార్లే. ముసుగు తీసెయ్. రాతి మీద నాయకుల పేర్లు మాత్రం మూసెయ్.”

సెక్రటరీ తెల్లకాగితాలు కత్తిరించి, మైదా లై రాసి, పేరు పేరునా అంటించాడు.

లై వాసనకి మేకలు వస్తాయి. నాలుగు రోజులు తిరగకుండా ఊళ్ళో శిలాఫలకాల మీది కాగితాలు సగం మేకలు తినేశాయి, మిగతావి ఎండకి లేచిపోయాయి. కోడ్ అమలు చూసే బృందం జీపులో వచ్చి ఫొటోలు తీసుకుని, సెక్రటరీకి మెమో ఇస్తామని బెదిరించి వెళ్ళింది. సిపాయి దిమ్మ దగ్గర మాత్రం ఒక్క కాగితమూ కదల్లేదు. తల్లి కర్ర పట్టుకుని అక్కడ కూర్చుంది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. గొడుగు తెచ్చుకుంది. కాగితం అంచు లేస్తే ఇంట్లో కాచిన లై తెచ్చి అద్దేది. ఒక రాత్రి గాలివానకి రెండు ఊడిపోతే, మొదటి బస్సు వచ్చేలోగా కొత్తవి అంటించింది. పై వరుస ఆవిడకి అందదు. పక్కింటి పిల్లాణ్ణి స్టూలు ఎక్కించింది.

సెక్రటరీ ఈ సంగతి మండల సమావేశంలో చెప్పాడు. ఎన్నికల నియమావళి మీద ఇంత గౌరవమున్న పౌరులు అరుదని ఎంపీడీవో అన్నారు.

మే 13న పోలింగ్. ఆవిడ ఓటు వేసి, సిరా ఆరకముందే దిమ్మ దగ్గరికి వచ్చేసింది. జూన్ 4న లెక్కింపు. ఫలకం మీదివాళ్ళలో ఎవరు గెలిచారో ఎవరు ఓడారో ఆవిడ ఎవర్నీ అడగలేదు. జూన్ 6న కోడ్ ఎత్తేశారు.

మర్నాడు సెక్రటరీ బకెట్టు నీళ్ళూ, గీకడానికి రేకుముక్కా పట్టుకొచ్చాడు. కాగితాలు ఒకపట్టాన రాలేదు. పొర మీద పొర పడి అట్టలా బిగుసుకున్నాయి. తల్లి పక్కన నిలబడి చూస్తోంది. మంత్రిగారు, ఎంపీగారు, ఎమ్మెల్యేగారు ఒక్కొక్కరే బంగారు రంగులో బయటికి వచ్చారు.

“మళ్ళీ ఎలక్షన్లు ఎప్పుడు బాబూ?” అంది.

“ఇవైతే అయిదేళ్ళకి. పంచాయతీవి ఇంకో రెండేళ్ళలో వస్తాయి.”

“వాటికీ కోడ్ ఉంటుందా?”

“ఉంటుంది.”

“ఎన్నాళ్ళు?”

సెక్రటరీ గీకడం ఆపి నవ్వాడు.

“ఏం మామ్మగారూ, ఈసారి ఓటుకిచ్చే డబ్బులు మీకు అందలేదా?”

“అందాయి. అది కాదు బాబూ. ఈ మూణ్ణెల్లూ బస్సు కోసం ఆగినవాళ్ళందరూ మావాడి పేరు చదివారు.”