నేను తాగే నూనె, నాలో తిరిగే నూనె

నాకు రెండు నూనెలు కావాలి. ఒకటి నాలో తిరుగుతూ ఉండాలి, రెండోది నాలో కాలిపోవాలి. కారులో ఉన్నన్నాళ్ళూ ఈ రెండు పనులూ ఒకే నూనె చేసింది, ఆ బతుక్కి అది సరిపోయింది. విమానం ముక్కులో బిగించాక చాలలేదు. నన్ను బిగించిన మనిషి ఆ రెండింటినీ వేరుచేశాడు. నా జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి అదే.

నేను 13బి రోటరీ ఇంజన్‌ని. పుట్టింది హిరోషిమాలో, మాజ్దా వాళ్ళ దగ్గర. ఆర్‌ఎక్స్-7 కారు రెండో తరం అమెరికాకు వచ్చిన తొలి రోజుల్లో, దాని బానెట్ కింద ఉండి సముద్రం దాటాను. నాకు పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. నడుము దగ్గర కాస్త నొక్కుకున్న గుండ్రటి గదులు రెండు, ఒక్కోదానిలో మూడు మూలల రోటర్ ఒకటి. గదికి 654 సీసీ చొప్పున 1308. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు మధ్యలోని షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. రోటర్ మూలల్లో పోత ఇనుముతో చేసిన సన్నని పలకలు నిలబడి ఉంటాయి. వాటిని అపెక్స్ సీల్స్ అంటారు. నావి 2 మిల్లీమీటర్ల మందం. గది గోడకు క్రోమియం పూత. ఆ పలక అంచు ఆ పూత మీద రాసుకుంటూ పోవాలి, ఎక్కడా వదలకూడదు, ఎక్కడా గీరకూడదు. నా ప్రాణమంతా ఆ అంచులో ఉంది.

పిస్టన్ ఇంజన్‌కి ఈ బెంగ తక్కువ. దాని పిస్టన్‌కి పైన మంట, కింద నూనె. కింది నుంచి చిమ్మిన నూనెను రింగులు గోడకు పూసి, మిగిలింది గీకి వెనక్కి పంపేస్తాయి. నా గదికి అలాంటి కింది వైపు లేదు. రోటర్ మూడు ముఖాలూ ఎప్పుడూ పెట్రోలు వైపో మంట వైపో ఉంటాయి. నా అడుగున సంప్ అనే తొట్టిలో ఉన్న నూనె తనంతట తాను ఆ గోడను చేరలేదు. సీల్ అంచుకు తడి అందాలంటే నూనె లోపలికి వచ్చి, పని చేసి, పెట్రోలుతో పాటు కాలిపోవాలి. ‘ఇది నూనె తాగే ఇంజన్’ అని నన్ను చూసి పెదవి విరిచినవాళ్ళున్నారు. వాళ్ళ మాట నిజమే, నేను తాగాలి. తాగని రోజున నా గోడలు గీరుకుపోతాయి.

ఈ అంచు దగ్గరే మా వంశం ఆగిపోవలసింది. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనను జర్మనీలోని ఎన్‌ఎస్‌యు కంపెనీ 1957లో మొదటిసారి తిప్పి చూసింది. లైసెన్సు తీసుకున్న హిరోషిమా ఇంజనీర్లు తమ తొలి ఇంజన్లు విప్పి చూస్తే గోడల మీద వరస గీతలు. వాటికి వాళ్ళు దెయ్యం గోళ్ళ గీతలని పేరు పెట్టుకున్నారు. కెనిచి యమమోటో నాయకత్వంలో 47 మంది ఆ గీతలతో ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి కార్బన్, అల్యూమినియం కలిపి చేసిన సీల్‌తో 1967లో కాస్మో స్పోర్ట్ రోడ్డెక్కింది. 1991లో నాలుగు రోటర్ల మాజ్దా 787బి లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. ఆ గెలుపు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పొంగుతుంది.

రోటరీ అంటే విమానాల చరిత్ర తెలిసినవాళ్ళకు ఇంకో జాతి గుర్తుకొస్తుంది. ఫ్రాన్స్‌లో సెగ్విన్ సోదరులు చేసిన నోమ్, దాని తర్వాత వచ్చిన లె రోన్, క్లెర్జే. వాటిలో షాఫ్ట్ విమానానికి బిగించి ఉంటే, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి గిరగిరా తిరిగేవి. నాకూ వాటికీ చుట్టరికం లేదు కానీ ఒక కష్టం ఒకటే. వాటిలో పెట్రోలు, గాలి క్రాంక్‌కేస్ గుండానే వెళ్ళేవి. మామూలు ఖనిజ నూనె ఆ పెట్రోలుకు కడుక్కుపోయేది. అందుకని పెట్రోలులో సులువుగా కలవని ఆముదం పోశారు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే గింజల నూనే. ఒకసారి పని చేసిన ఆముదం మళ్ళీ తిరిగి రాదు, పొగతో పాటు బయటికి పోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సాప్‌విత్ కామెల్ నడిపిన కుర్రాళ్ళు ఆ ఆముదపు పొగనే పీల్చారు, వాళ్ళ కడుపులు దాని ఫలితం అనుభవించాయి. నూనెను కాల్చి బతకడం విమానాలకు నాతో మొదలైంది కాదని చెప్పడానికే ఈ ముచ్చట.

కారులో నాకు ఆ తాగే నూనె అందించడానికి చిన్న మీటరింగ్ పంపు ఉండేది. అది నా సంప్‌లోంచే చుక్కచుక్కగా తీసి, సన్నని ప్లాస్టిక్ గొట్టాల్లోంచి లోపలికి పంపేది. థ్రాటిల్‌కి ఒక కడ్డీతో కట్టి ఉండేది కాబట్టి పెడల్ తొక్కిన కొద్దీ ఎక్కువ పోసేది. తెలివైన ఏర్పాటే. అయితే సంప్‌లో పోసే నూనెను చేసింది కాలిపోవడానికి కాదు. బేరింగులను కాపాడడానికి, మురికిని తనలో ఉంచుకోవడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. అవి కాలితే బూడిద మిగులుతుంది. ఆ బూడిద సీల్ కూర్చునే గాడిలో పేరుకుంటే, స్వేచ్ఛగా కదలాల్సిన పలక బిగుసుకుంటుంది.

నా కారు తుప్పుపట్టి పాత సామాన్ల యార్డుకు చేరింది. అక్కడ నుంచి నన్ను కొనుక్కుపోయింది విస్కాన్సిన్‌లో లేత్ మీద పనిచేసి రిటైరైన ఒక మనిషి. ఆయన గ్యారేజీలో రెండు సీట్ల లోహపు విమానం సగం తయారై ఉంది. ఇళ్ళలో విమానాలు కట్టుకునేవాళ్ళ సంఘం 1953లో పుట్టింది ఆ రాష్ట్రంలోనే, మిల్వాకీలో. అమెరికా చట్టం ప్రకారం పనిలో సగానికి మించి స్వయంగా చేసుకుంటే, ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని విమానం మీద రాసుకుని, మొదట సాధారణంగా 40 గంటలు నిర్ణీత ప్రాంతంలో పరీక్షగా ఎగిరి, ఆపైన తిరగొచ్చు. విమానాల కోసమే చేసిన ఇంజన్ ధర ఆయన చేతికి అందలేదు. పైగా నన్ను ఆయన తన బల్ల మీదే విప్పి, తన చేతులతోనే బిగించగలడు.

ప్రొపెల్లర్ నా వేగానికి తిరగకూడదు కాబట్టి మధ్యలో 2.85:1 గేర్‌పెట్టె పెట్టాడు. నా షాఫ్ట్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ సుమారు 2100 తిరుగుతుంది. కారులో ఆ 6000 అనేది ఓ లారీని దాటేటప్పుడు క్షణాల మాట. విమానంలో నేల వదిలిన దగ్గర నుంచి కోరుకున్న ఎత్తు చేరే దాకా ఆ దాపుల్లోనే ఉండాలి. ఇక్కడే నాలో తిరిగే నూనె అసలు విలువ తెలుస్తుంది. ముందు భాగంలో గొలుసుతో తిరిగే పంపు సంప్‌లోంచి నూనె తోడుతుంది. అది కూలర్‌కీ, ఫిల్టర్‌కీ, మెయిన్ బేరింగులకీ వెళ్ళి, బోలుగా ఉన్న షాఫ్ట్‌లోకి చేరి, అక్కడి జెట్ల లోంచి రోటర్ల కడుపులోకి చిమ్ముతుంది. రోటర్ చల్లబడేది ఆ నూనెతోనే, నీళ్ళు దాన్ని తాకవు. నేను వదిలించుకునే వేడిలో దాదాపు మూడో వంతు ఈ నూనె మోస్తుంది. అందుకే కారు కూలర్‌తో కొండ ఎక్కినట్టు ఆకాశం ఎక్కలేం. ఆయన పెద్ద కూలర్ తెచ్చి, దానికి గాలి దారి ప్రత్యేకంగా రేకుతో కట్టాడు.

షాఫ్ట్ కొసన కారువాళ్ళు ఒక థర్మల్ పెల్లెట్ పెడతారు. నూనె చల్లగా ఉన్నప్పుడు జెట్లకు వెళ్ళకుండా అది పక్కకు వదిలేస్తుంది, నేను త్వరగా వేడెక్కాలని. గాలిలో అది ఇరుక్కుంటే రోటర్లకు నూనె అందదు. ఆయన దాన్ని తీసి అదే కొలతలో గట్టి ముక్క పెట్టాడు. నేను వేడెక్కడానికి రన్‌వే పక్కన ఇంకొంచెం సేపు నిలబడితే పోయేదేముంది.

ఇక తాగే నూనె. మీటరింగ్ పంపు విప్పి, ఆ చోటు మూసేలా ఒక రేకు బిగించేశాడు. నూనెను తిన్నగా పెట్రోలులోనే కలపసాగాడు. పెట్రోల్ బంకులో చేతక్‌కో లూనాకో టూ-టీ నూనె పోయించుకున్న తరానికి ఇది వివరించనక్కర్లేదు. కొలత గ్యాలన్‌కు ఒక ఔన్సు, అంటే 128 పాళ్ళకు ఒక పాలు. పడవ ఇంజన్ల కోసం చేసే బూడిద మిగలని రకం వాడతాడు. ముందు నూనె పోసి, దాని మీద పెట్రోలు పడనిస్తాడు, అదే కలిసిపోతుంది.

“దూరపు ఊళ్ళో దిగినప్పుడు సీసా మరిచిపోతే?” అని పక్క హాంగర్ పైలట్ అడిగాడు. మంచి ప్రశ్నే. పంపును ఉంచుకుని, దానికి విడిగా చిన్న ట్యాంకులో టూ-స్ట్రోక్ నూనె పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పద్ధతీ నాకు ఇష్టమే. పెట్రోలుతో కలిపితే ఇంకో చిక్కు ఉంది. పెట్రోలు ఎంత వస్తే నూనె అంతే వస్తుంది. థ్రాటిల్ పూర్తిగా మూసి దిగితే నా అంచులకు తడి తగ్గిపోతుంది. అందుకని ఆయన ఎత్తు నుంచి దిగేటప్పుడు నాకు కొంచెం పని ఉంచుతాడు. అయినా నా ఓటు సీసాకే. పగిలే గొట్టాలు లేవు, విరిగే కడ్డీ లేదు, ఖాళీ అయ్యే మూడో ట్యాంకు లేదు.

ఇంకా పెద్ద లాభం డిప్‌స్టిక్‌లో ఉంది. పంపు ఉన్న రోజుల్లో నా సంప్‌లో నూనె తగ్గడం మామూలు సంగతి. తాగి తగ్గిందో, కారి తగ్గిందో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు సంప్‌లోది అక్కడే ఉండాలి. గీత నుంచి ఏ కాస్త దిగినా ఎక్కడో తప్పు ఉన్నట్టే. గాలిలో ఎగిరే ఇంజన్‌కి ఇంతకంటే నమ్మకమైన కబురు ఇంకోటి లేదు.

ఆ కబురు ఒక వేసవిలో పనికొచ్చింది. ఎండ మండే మధ్యాహ్నాలు వరసగా పైకెక్కాక, పొద్దున స్టార్ట్ చేస్తే నీలి పొగ కాసేపు వచ్చి పోయేది. కారులో అయితే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కారు. ఆయన డిప్‌స్టిక్ చూశాడు, గీత కిందికి దిగింది. బయట ఎక్కడా తడి లేదు. మరి పోయింది లోపలికే. రోటర్ పక్కల్లో నూనెను ఆపే రింగులుంటాయి, వాటి కింద రబ్బరు ఓ-రింగులుంటాయి. వేడికి రబ్బరు గట్టిపడితే తిరిగే నూనె గదిలోకి జారుతుంది. చలికాలం రాగానే నన్ను దింపి విప్పాడు. అనుకున్నట్టే ఓ-రింగులు పెళుసుబారాయి. అపెక్స్ సీల్స్ మాత్రం గాడుల్లో వేలితో నొక్కితే కదిలాయి. గోడల మీద గీత లేదు.

ఓ-రింగులు, సీల్స్ అన్నీ కొత్తవి వేశాడు. కూలర్‌కి గాలి తెచ్చే దారి వెడల్పు చేశాడు. ప్లగ్గులు తీసి, ఇగ్నిషన్ కట్టేసి, నూనె ప్రెషర్ ముల్లు లేచే దాకా స్టార్టర్‌తో నన్ను తిప్పాడు. ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టాడు. కొత్త సీల్స్ గోడకు కుదురుకునే దాకా పెట్రోలులో నూనె రెట్టింపు కలుపుతానని లాగ్‌బుక్‌లో రాసుకున్నాడు.