నా అంకె కోసం ఆగకండి

కాగితాల్లో నా పేరు గ్లూకోమీటర్. సిస్టర్ మాత్రం షుగర్ మిషన్ అంటుంది. రాయదుర్గం మెట్రో స్టేషన్ దిగి నడిచి వచ్చేంత దూరంలో, మైండ్‌స్పేస్ వైపు ఒక అద్దాల భవనం గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటాను. గది బయట మెడికల్ రూమ్ అని బోర్డు. లోపల ఒక మంచం, బీపీ మిషన్, ఆక్సిజన్ సిలిండర్, చిన్న ఫ్రిజ్, నేను. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచీ ఈ చుట్టుపక్కల రాత్రి అనేది కిటికీకి బయట మాత్రమే ఉంటోంది. లోపల అమెరికా వాళ్ళ పగలు నడుస్తూ ఉంటుంది. అందుకే నాకూ రాత్రి డ్యూటీలే ఎక్కువ.

నా పని చిన్నదే. స్ట్రిప్పు చివర రక్తపు చుక్క తగిలిస్తారు, ఒక మైక్రోలీటరు కూడా అక్కర్లేదు. స్ట్రిప్పుకి పూసిన ఎంజైమ్ ఆ చుక్కలోని గ్లూకోజ్‌తో కలిస్తే సన్నటి కరెంటు పుడుతుంది. దాన్ని కొలిచి అయిదు సెకన్లలో అంకె చెప్తాను. పగటిపూట వచ్చేవాళ్ళకి నేను కాలక్షేపం. బిర్యానీ తిని వచ్చి 240 చూసుకుని, "స్ట్రెస్ సిస్టర్" అని నవ్వి వెళ్ళిపోతారు. 2023లో ఐసీఎంఆర్ వాళ్ళ అధ్యయనం దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి మధుమేహం ఉందని తేల్చింది కాబట్టి నాకు గిరాకీ తగ్గే దారేమీ లేదు.

ఎక్కువ అంకెల వాళ్ళకి సాధారణంగా డాక్టరు దగ్గరికి వెళ్ళేంత వ్యవధి ఉంటుంది. తక్కువ అంకెల వాళ్ళకి ఉండదు. రక్తంలో గ్లూకోజ్ 70 కిందికి దిగితే హైపో అంటారు, జాగ్రత్త పడాలి, 54 కిందికి దిగితే ప్రమాదం. ఇక తన పని తాను చేసుకోలేక పక్కవాళ్ళు ఆదుకోవాల్సిన స్థితి వచ్చిందంటే, అంకె ఎంతైనా సరే, అదే తీవ్రమైన హైపో. ఆ మూడోదానికి అంకె పెట్టలేదు, చూశారా? డాక్టర్లు నన్ను పక్కన పెట్టేసిన చోటు అదొక్కటే. వాళ్ళు చేసింది సబబు. మీటర్‌గా పుట్టి ఈ మాట అనకూడదేమో గానీ, షుగర్ పడిపోయిందని అనుమానం వస్తే నా కోసం ఆగకండి. నేను ఏ సొరుగులో ఉన్నానో, బ్యాటరీ ఉందో లేదో వెతుక్కునేలోపు మనిషి చేజారిపోవచ్చు. పైగా మా జాతికి అంతర్జాతీయ ప్రమాణమే తక్కువ అంకెల దగ్గర 15 అటూ ఇటూ ఒప్పుకుంటుంది. నేను 72 అన్నానని చెమటలు కక్కుతున్నవాణ్ణి నమ్మకపోవడం ఏం న్యాయం?

గేటు దగ్గర కాకా సంగతి చెప్తాను. పాలమూరు మనిషి, సెక్యూరిటీ గార్డు. ఆ రాత్రి బూమ్ బారియర్ బటన్ నొక్కుతున్నాడు, ఎత్తుతున్నాడు, దించుతున్నాడు, ముందున్న కారు మాత్రం కదలట్లేదు. రిజిస్టర్‌లో రాసిన అక్షరాలు గీత దిగి కిందికి జారిపోయాయి. లాబీలోకి పిలిచి కూర్చోబెడితే, అంత ఏసీలోనూ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పక్క గార్డు మెల్లగా అన్నాడు: "పొద్దుగూకంగనే ఏసిండేమో మేడం." ఈ ఐటీ కారిడార్‌లో మాట తడబడి, అడుగు తూలి, అడిగితే కసురుకునేవాణ్ణి చూస్తే అందరికీ ముందు తోచేది అదే. మెదడుకి రోజుకి నూరు గ్రాములకు పైగా గ్లూకోజ్ కావాలి, దాచుకునే చోటేమో లేదు. సరఫరా తగ్గగానే ముందు ఒళ్ళు గొడవ చేస్తుంది: చెమట, వణుకు, గుండెదడ, ఆకలి. ఆ తర్వాత తెలివి మసకబారుతుంది. తెలివి మసకబారినవాణ్ణి "బాగున్నావా" అని అడిగితే బాగున్నాననే అంటాడు.

"ఏం గాలే. మంచిగనే ఉన్న. జర తల తిరుగుతుంది, గంతే."

"బాబాయ్, ఇటు చూడండి. అన్నం తిన్నారా?" మా సిస్టర్‌ది గుంటూరు వైపు. ఎవర్నైనా బాబాయ్ అనో పిన్ని అనో పిలుస్తుంది.

"యాడ తిన్న? రిలీవర్ రాలే."

గోలీ మాత్రం టైముకే వేసుకున్నాడు. తిన్నా తినకపోయినా ఆ మాత్ర తన పని తాను చేస్తుంది. సిస్టర్ అతని జేబులోంచి స్ట్రిప్పు తీసి చదివింది: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్, మూడూ ఒకే మాత్రలో. అప్పటికే ఎవరో పాంట్రీ నుంచి పంచదార చాయ్ తెచ్చారు. ఆమె దాన్ని పక్కన పెట్టి గ్లూకోజ్ పొడి డబ్బా తీసింది. ఎందుకంటే వోగ్లిబోస్ పేగులో పంచదార విడిపోకుండా అడ్డుపడుతుంది. ఆ మందు వాడేవాళ్ళకి పంచదార ఇస్తే షుగర్ లేవడానికి ఆలస్యమవుతుంది. గ్లూకోజ్ ఇక విడిపోవాల్సిన పని లేదు కాబట్టి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక, మూడు గ్లాసుల చక్కెర నీళ్ళు తాగించి "ఇంకా లేవట్లేదేంటి" అని హడలిపోయే ఇళ్ళు ఎన్ని ఉంటాయో.

మూడు చెంచాలు, దాదాపు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి తాగించింది. మింగగలుగుతున్నాడు కాబట్టే తాగించింది. ఆ తర్వాతే నన్ను తీసింది. అది కూడా గ్లాసు పట్టుకున్న చేతిని వదిలేసి, రెండో చేతి వేలు తడి దూదితో తుడిచి. వేలి మీద అంటిన గ్లూకోజ్ ఏదో, లోపలి రక్తంలోది ఏదో నాకు తేడా తెలియదు. పొడి అంటిన వేలు పెడితే 180 అని గొప్పగా చెప్తాను, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, మనిషి కూలిపోతాడు. కాకాకి 41. పావుగంట ఆగి చూస్తే 63. మళ్ళీ మూడు చెంచాలు, మళ్ళీ పావుగంట, 96. అప్పుడు క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించింది. గ్లూకోజ్ లేపుతుంది గానీ నిలబెట్టదు, నిలబెట్టడానికి తిండి కావాలి. లేచి గేటుకి పోతానన్నవాణ్ణి ఆసుపత్రికి పంపింది. గ్లిమెపిరైడ్ జాతి మందు ఒంట్లో గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. కిడ్నీలు సరిగ్గా లేనివాళ్ళలో మరీనూ. తేరుకున్న మనిషి తెల్లారుజామున మళ్ళీ పడిపోవచ్చు.

నా వంశం గురించి కాస్త. మాకంటే ముందు ఈ పనిలో కుందేళ్ళు ఉండేవి. 1921-22 చలికాలంలో టొరంటోలో ఇన్సులిన్ కనిపెడుతున్నప్పుడు జేమ్స్ కాలిప్ మందు బలం చూడటానికి కుందేళ్ళకి ఎక్కించేవాడు. వాటికి మూర్ఛలు వచ్చేవి, గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూర్చునేవి. ఇన్సులిన్ యూనిట్ అనే కొలత మొదట్లో ఆ మూర్ఛను బట్టే నిర్ణయమైంది. అంటే ఇన్సులిన్, హైపో కవల పిల్లలే. ఆ తర్వాత అమెరికాలో ఏమ్స్ కంపెనీ కిలో పైన బరువుండే మా పెద్దతాతని తయారుచేసి, డాక్టర్లకీ ఆసుపత్రులకీ మాత్రమే అమ్మింది. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకి పన్నెండో ఏట నుంచీ టైప్ 1 మధుమేహం. 1969లో డాక్టరైన భార్య పేరు మీద 650 డాలర్లు పోసి దాన్ని తెప్పించుకుని, ఇంట్లో కూర్చుని రోజుకి ఇన్నిసార్లని కొలుచుకున్నాడు. చెప్పింది డాక్టర్లు వినకపోతే, నలభై దాటాక తనే వైద్య కాలేజీలో చేరి డాక్టరయ్యాడు. ఇంజనీరు తన ఒంటిని తనే డీబగ్ చేసుకున్న కథ ఇది. ఇంత మంది ఇంజనీర్ల మధ్య బతుకుతున్నాను, ఆయన పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ తగల్లేదు.

నాలుగో ఫ్లోర్ అమ్మాయిదీ టైప్ 1. తెల్లవారుజామున డెస్క్ మీద తల వాల్చింది. నిద్రేమో అనుకున్నారు. కుర్చీలోంచి జారి కొట్టుకోవడం మొదలయ్యాక సిస్టర్‌కి ఫోను వచ్చింది. మేం వెళ్ళేసరికి ఎవరో ఆమె చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఇంకొకతను నోరు తెరవడానికి చెంచా పట్టుకుని ఉన్నాడు. మరొకతను కూల్‌డ్రింక్ డబ్బా తెచ్చాడు, చూస్తే జీరో షుగర్. పాపం, భయంలో లేబుల్ ఎవరు చదువుతారు? పాంట్రీలో పంచదార పొట్లాలూ లేవు. ఆరోగ్య వారోత్సవం జరిగినప్పుడు అవి తీసేసి స్టీవియా పెట్టారు.

"నోట్లో ఏమీ పోయొద్దు!" ఆ గొంతు సిస్టర్‌దని నాకే అనిపించలేదు. స్పృహ లేనివాళ్ళకి పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చెంచా లాగేసింది, కుర్చీలు జరిపించింది, కొట్టుకోవడం ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఒకణ్ణి 108కి ఫోన్ చెయ్యమంది, ఒకణ్ణి గేటు దగ్గర నిలబడమంది, లేకపోతే ఈ టవర్ల మధ్య అంబులెన్స్ ఏ ర్యాంపు ఎక్కాలో తెలియదు. నన్ను వేలికి ఆనించింది. నా తెర మీద అంకె రాలేదు. "లో" అని మాత్రం వచ్చింది. 20 కంటే కిందికి నాకు లెక్క రాదు.

గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉండి ఉంటే అప్పుడే తొడకి ఇచ్చేవారు. లివర్ దాచుకున్న గ్లూకోజ్‌ని అది బయటికి తోయిస్తుంది, పది పదిహేను నిమిషాల్లో తెలివి వస్తుంది. వాంతి కావచ్చు, అందుకే పక్కకి తిప్పి ఉంచాలి. తాగి ఉన్నవాళ్ళకీ, తిండి మానేసినవాళ్ళకీ లివర్‌లో నిల్వ ఉండదు కాబట్టి అంతగా పనిచేయదు. ఈ అమ్మాయికి ఆ ఇంజెక్షన్ ఉంది. గచ్చిబౌలి హాస్టల్ ఫ్రిజ్‌లో ఉంది. పక్క సీట్లో ఏడాదిగా కూర్చుంటున్న స్నేహితురాలికి అసలు ఈమెకి షుగర్ అనే తెలియదు. తెలిస్తే పెళ్ళి సంబంధాలు చెడతాయని ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారట.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పుట్టిన 108, ఆ పూట తొందరగానే వచ్చింది. టెక్నీషియన్ నరం దొరికించుకుని 25 శాతం డెక్స్‌ట్రోస్ మెల్లగా ఎక్కించాడు. వంద మిల్లీలీటర్లు, అంటే 25 గ్రాముల గ్లూకోజ్. సీసా అయ్యేలోపే కళ్ళు తెరిచింది. తెరవగానే సూది పీకబోయింది. "వదలండి, నాకు క్లయింట్ కాల్ ఉంది" అని కసిరింది. తర్వాత ఏడ్చింది. జరిగింది ఏమీ గుర్తు లేదు, తల పగిలిపోతోందంది.

కారణం ఆసుపత్రిలో బయటపడిందని తర్వాత సిస్టర్‌తో తనే చెప్పింది. ఇన్సులిన్ పెన్నుకి సూదులు అయిపోయాయి. హాస్టల్ కింద మందుల షాపులో సిరంజి అడిగితే ఎర్ర మూతది ఇచ్చారు. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి దాని కోసం. పెన్ను కార్ట్రిడ్జ్‌లో ఉండేది 100 యూనిట్లు. దానికి నారింజ రంగు మూత సిరంజి కావాలి. ఆమె కార్ట్రిడ్జ్ నుంచి ఎర్ర సిరంజిలోకి 10 గీత దాకా లాగింది. ఒంట్లోకి పోయింది 25. రోజంతా దశాంశాలతో కుస్తీ పట్టే పిల్లకి రెండున్నర రెట్ల తేడా ఒక మూత రంగులో దాక్కుంది.

మరి చెమటలు పట్టి ముందే తెలియలేదా అని సిస్టర్ అడిగింది. తెలియలేదట. ఆ నెలలో రిలీజ్ పని వల్ల తిండి వేళలు తప్పి చాలాసార్లు 50ల్లోకి దిగింది. అలా పదేపదే దిగితే ఒళ్ళు హెచ్చరించడం మానేస్తుంది. కొన్ని వారాలు అస్సలు దిగకుండా చూసుకుంటే ఆ హెచ్చరిక కొంతవరకు తిరిగి వస్తుంది. అందుకే డాక్టరు ఆమె లక్ష్యాన్ని కొన్నాళ్ళు కాస్త పైకి జరిపాడు.

ఇప్పుడు ఆమె లాప్‌టాప్ సంచిలో గ్లూకోజ్ పొట్లాలు ఉంటాయి. ఇటుపక్క సీటుకీ అటుపక్క సీటుకీ సంగతి తెలుసు. స్నేహితురాలు గ్లూకగాన్ పొడిలో నీళ్ళు కలపడం మా గదిలో నేర్చుకుని వెళ్ళింది. కాకా గోలీ డాక్టరు మార్చాడు, అన్నం డబ్బా డ్యూటీ ఎక్కకముందే ఖాళీ అవుతోంది, రిలీవర్ ఆలస్యం చేసినా ఇప్పుడు ఫరవాలేదు. మా ఫ్రిజ్‌కి ఒక గ్లూకగాన్ సాంక్షన్ అయింది. పాంట్రీలో పంచదార పొట్లాలు మళ్ళీ పెట్టమని సిస్టర్ పెట్టిన మెయిల్ మాత్రం వెల్‌నెస్ కమిటీ దగ్గరే ఉంది. వచ్చే క్వార్టర్‌లో మాట్లాడతామన్నారు.