అడవి బడిని పెంచడం ఎలా?

నేను ఇప్పటిదాకా మూడు అడవి బడులకు చందాలు పోగుచేసి పెట్టాను. మూడూ ఘనంగా విస్తరించాయి. మూడింటి తాళాలూ నా దగ్గరే ఉన్నాయి. ఇంత అనుభవం నాతోనే మట్టిలో కలిసిపోకూడదని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మీ కేంద్రం నల్లమల అంచున ఉందనుకుందాం. ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక చెంచు పెద్దాయన. ప్రతి శనివారం చుట్టుపక్కల బడుల నుంచి నలభై మంది పిల్లలు వస్తారు. ఆయన వాళ్లను వాగు దాకా నడిపించుకెళ్లి, తడి ఇసుకలో ఏ అడుగు దుప్పిదో, ఏది ఎలుగుబంటిదో చూపిస్తాడు. షెడ్డు చాలడం లేదు, పెంచుదామని మీకు బుద్ధి పుట్టింది. శుభం. ఇక నేను చెప్పినట్టు చేయండి.

1. పిల్లలకేం కావాలో అడగకండి

అడిగితే ఏం చెబుతారు? ఆడపిల్లలకు మరుగుదొడ్డి, తాగడానికి నీళ్లు, తలా ఒక భూతద్దం, బస్సుకు డీజిలు, పెద్దాయనకు నెలనెలా జీతం. అన్నీ కలిపినా కొద్ది లక్షల్లో తెమిలిపోతుంది. అంత తక్కువ అడిగితే పెద్ద దాతలు చిన్నబుచ్చుకుంటారు. రెండు వందల సీట్ల ఏసీ హాలు అడగండి. కిటికీలు మాత్రం వద్దు. బయటి పిట్టల గోల లోపలికొస్తే, స్పీకర్లలో వేసే పిట్టల కూతలు సరిగా వినిపించవు.

2. పులిని తప్ప దేన్నీ చూపించకండి

మన నేల మీద కథలకు కొదవ లేదు. ఇక అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడింది. దాన్ని పట్టిచ్చింది శాస్త్రవేత్త కాదు, పిట్టలు పట్టే స్థానికుడు. నెమలికంఠం రంగులో మెరిసే నీలి సాలీడు ఒకటుంది. 1899లో అది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది కాబట్టి ఊరి పేరు దానికి అంటుకుంది. అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. పాపం, కలపతో పాటు టికెట్టు లేకుండా రైలెక్కినట్టుంది. ఈ కథ చెబితే పిల్లలు కళ్లింత చేసుకుని వింటారు. అందుకే బ్రోషరులో పెట్టకూడదు. సాలీడుకు ఎవరిస్తారండీ చందా? పులి బొమ్మే వేయండి. ఇంటర్నెట్‌లో కావలసినన్ని దొరుకుతాయి. పులి వెనకాల మంచు కనిపిస్తే కంగారు పడకండి, శ్రీశైలంలో చలికాలం అని కింద రాయండి.

3. కంపెనీల దగ్గరికి మార్చి చివరి వారంలో వెళ్లండి

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, ఏడాదికి 5 కోట్ల నికర లాభమో, 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చు పెట్టాలి. పర్యావరణమూ, చదువూ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఆ డబ్బు తీసుకోవాలంటే 2021 నుంచి సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారం నింపి నమోదు కావాలి. తెలివితక్కువవాళ్లు ముందే నమోదై, ఏడాది మొదట్లోనే వెళ్లి మాట్లాడుకుంటారు. మీరు మార్చి 28న వెళ్లండి. నమోదు సంగతి అడిగితే, మా బావమరిది చూసుకుంటున్నాడని చెప్పండి.

ఇంకో మాట. పాఠం చెప్పేవాళ్ల జీతం ప్రాజెక్టు ఖర్చు కిందికే వస్తుంది, కంపెనీ ఆఫీసు ఖర్చుల 5 శాతం పరిమితిలోకి రాదు. ఈ రహస్యం కంపెనీవాళ్ల చెవిన పడనివ్వకండి. పొరపాటున పెద్దాయనకు జీతం ఇచ్చేస్తారు. జీతం మీద శిలాఫలకం ఎక్కడ పెడతాం?

4. రసీదు అడిగినవాణ్ని అనుమానించండి

విరాళం మీద దాతకు పన్ను రాయితీ రావాలంటే, నగదు 2,000 రూపాయలు దాటకూడదు, అంతకు మించిన విరాళం బ్యాంకు ద్వారా రావాలి. ఇవన్నీ అడవి మీద ప్రేమ లేనివాళ్ల లెక్కలు. నోట్లే తీసుకోండి. రసీదు అచ్చులో ఉందని చెప్పండి. నా మొదటి కేంద్రం రసీదులు ఇంకా అచ్చులోనే ఉన్నాయి.

5. అమెరికా బంధువుల పాస్‌పోర్టు అడగకండి

అక్కడున్నా భారత పౌరుడిగానే ఉన్నవాడు తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే మాత్రం విదేశీ విరాళమే. అప్పుడు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. కానీ, ‘బాబాయ్, మీది ఏ పాస్‌పోర్టు?’ అని అడగడం మన మర్యాద కాదు గదా. అందరినీ కలిపి ఒకటే ఖాతాలో వేయమనండి. ఫోను మాత్రం మన పొద్దున పదకొండు గంటలకు చేయండి. అక్కడ అర్ధరాత్రి, నిద్రమత్తులో ఊరి మీద మమకారం ఎక్కువగా ఉంటుంది.

6. పునాది ముందు, అనుమతి తర్వాత

అటవీ భూమిలో వేరే పని చేయాలంటే 1980 చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. అటవీ శాఖవాళ్లు గేటు బయట గ్రామం స్థలం చూసుకోమంటారు. అక్కడైతే పిల్లలకు బస్సు కూడా అందుతుంది. వినకండి. హాలుకు అడ్డొచ్చే పెద్ద నల్లమద్దిని కొట్టించి, అదే చోట గోడ మీద నల్లమద్ది బొమ్మ వేయించండి. దాని కింద తెలుగులో, లాటిన్‌లో పేరు కూడా రాయించండి. విద్య అంటే అదే.

దారికి రెండు పక్కలా కోనోకార్పస్ పెట్టండి. నల్లమల చెట్లు వేసవికి ఆకులు రాల్చేసి, దాత వచ్చే రోజున మోడుల్లా నిలబడి పరువు తీస్తాయి. ఇది ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, ఫొటోకు ఎప్పుడూ సిద్ధం.

7. ప్రారంభోత్సవానికి బడ్జెట్ మిగల్చండి

గ్రానైటు పలక మనిషెత్తు ఉండాలి. పేర్ల వరసలో తేడా వస్తే రెండో పలక చేయించాలి, దానికీ డబ్బు పక్కన పెట్టుకోండి. ముఖ్య అతిథి మూడు గంటలు ఆలస్యంగా వస్తారు, కాబట్టి పిల్లల్ని నాలుగు గంటల ముందే ఎండలో నిలబెట్టండి. పర్యావరణం మీద ప్రసంగాలయ్యాక నీళ్ల సీసాలు ఏరించే పని పెట్టుకోకండి, కోతులు చూసుకుంటాయి.

8. పిల్లల్ని కాదు, చదరపు అడుగుల్ని లెక్కపెట్టండి

ఏడాది తిరిగాక ఏ దాతో, ఎంతమంది పిల్లలు వచ్చారని అడుగుతాడు. ఆరువేల చదరపు అడుగులండీ, అని చెప్పండి. ఏసీ కరెంటు బిల్లు కట్టలేక హాలు మూశారన్నది లోపలి విషయం.

మొన్న శనివారం నా మూడో కేంద్రం తాళం ఎలా ఉందో చూద్దామని వెళ్లాను. తాళం భద్రంగా ఉంది. ప్రహరీ బయట చింతచెట్టు కింద ముప్పై మంది పిల్లలు గుండ్రంగా గొంతుక్కూర్చుని మట్టిలోకి చూస్తున్నారు. మధ్యలో అక్కడి చెంచు పెద్దాయన. పుల్లతో ఏదో గీత చూపిస్తున్నాడు. పాము పోయిన జాడట, ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయిందో చెప్పమని అడుగుతున్నాడు. ఒక్కరూ తల ఎత్తలేదు.

నన్ను చూసి ఆయన లేచి వచ్చాడు. “సారూ, తాళం తీత్తావా? ఆడపిల్ల ఒకతి పొద్దుట్నించి ఓర్సుకుంటాంది.”

లోపల మరుగుదొడ్డి లేదని చెప్పాను. అంచనాలో రాయలేదు కదా.

ఆయన ఏమీ అనలేదు. ఆ పిల్లకు తోడుగా ఇంకో ఇద్దరు ఆడపిల్లల్ని పిలిచి, ఊళ్లో తనవాళ్లింటికి పంపించి, మళ్లీ పాము జాడ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

ఇందులోంచి నేనొక గుణపాఠం నేర్చుకున్నాను. నాలుగో కేంద్రం అంచనాలో దాన్ని మొదటి పద్దుగా రాశాను. ప్రహరీ ఎత్తు ఇంకో నాలుగడుగులు పెంచాలి. దాతలు వచ్చినప్పుడు చింతచెట్టు కనబడకుండా.