ఇంకొక్క నిమిషం

నేను బియ్యం డబ్బాగా బతుకు మొదలుపెట్టాను. అమెరికాలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో, ఒక తెలుగువాళ్ల వంటింట్లో మూడేళ్లు సోనామసూరి మోశాను. నాలో ఇరవై లీటర్లు పడతాయి. లోపలున్నది బయటికి కనిపిస్తుంది, మూత బిగిస్తే చీమ దూరదు. ఆ రెండు గుణాలే నన్ను గ్యారేజీకి చేర్చాయి.

ఆ ఇంటి అమ్మాయి పద్నాలుగో ఏట బాల్ పైథాన్‌ను తెచ్చుకుంది. పశ్చిమ ఆఫ్రికా వైపు కొండచిలువ జాతి అది. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. దానికి ఎలుకే తిండి. మొదట్లో బతికున్న ఎలుకనే వదిలారు. ప్రాణభయంతో అది తిరగబడి పాము వీపు కొరికింది. ఆ పుండు మానడానికి వారాలు పట్టింది. ఇక చంపి పెడదాం అనుకున్నారు. ఎలా చంపాలో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

"మనకెందుకే తల్లీ ఈ పాపం?" అంది అమ్మ.

"పామును తెచ్చుకున్నాక దాని తిండి బాధ్యత కూడా మనదేగా" అన్నాడు నాన్న.

ఎవరో చెప్పారని నా అడుగున వంటసోడా, వెనిగర్ కలిపారు. గ్యాస్ వచ్చింది. ఎంత వస్తోందో, ఎంత వేగంగా వస్తోందో కొలిచే దారి లేదు. ఘాటుకు ఎలుక నా గోడల వెంట పైకి ఎగబాకింది, జారింది, మళ్లీ ఎగబాకింది. కాసేపటికి పక్కకు ఒరిగింది. చూడలేక గబగబా తీసి, కవర్లో పెట్టి, ఫ్రీజర్లో వేశారు.

పొద్దున్నే అమ్మాయి ఫ్రీజర్ తెరిచింది. రాత్రి పక్కకు పడుకోబెట్టిన ఎలుక కవర్ మూలకు చేరి ఉంది. ముందు కాళ్లు రెండూ ప్లాస్టిక్‌కు ఆనించి ఉన్నాయి. మూతి దగ్గర కవర్ లోపలివైపు ఆవిరి మంచుగా గడ్డకట్టింది. ఆ పిల్ల కవర్ పట్టుకుని నా పక్కనే కూలబడింది.

"నాన్నా, ఇది చచ్చిపోలేదు. చచ్చిపోయిందని మనం అనుకున్నామంతే."

ఆ మాటతోనే నా రెండో జన్మ మొదలైంది. ఇద్దరూ సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చారు. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2020లో సవరించిన మార్గదర్శకాలను ఆవిడ వాళ్లతో చదివించింది. వంటసోడా గ్యాస్ పనికిరాదు, డ్రై ఐస్ పనికిరాదు. బతికున్న జీవిని ఫ్రీజర్లో పెట్టడమైతే క్రూరత్వమే. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ నుంచే రావాలి, దాని వేగాన్ని మీటరుతో కొలవాలి. డబ్బాను ముందే గ్యాస్‌తో నింపి అందులో ఎలుకను వదలకూడదు. నిమిషానికి డబ్బా పరిమాణంలో 30 నుంచి 70 శాతం చొప్పున గ్యాస్ ఎక్కాలి. నా ఇరవై లీటర్లకు అది 6 నుంచి 14 లీటర్లు. నాన్న మీటరును 8 దగ్గర పెట్టాడు. గ్యాస్ రావడానికి ఒకటి, లోపలి గాలి పోవడానికి ఒకటి, నాకు రెండు బెజ్జాలు వేశారు.

"ముందే నింపితే త్వరగా అయిపోతుంది కదా నాన్నా?"

"చిన్నప్పుడు మేం గోళీసోడా తాగితే గ్యాస్ ముక్కులోకి తన్నేది. కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇదీ అదే గ్యాస్. ముక్కు తడిలో కలిసి ఆమ్లమవుతుంది. ఒక్కసారిగా ఎక్కువైతే దానికి స్పృహ ఉండగానే మండుతుంది. మెల్లగా ఎక్కితే ఆ మంట ముదిరేలోపే స్పృహ పోతుంది."

అలాగని బాధ అసలుండదని నేను చెప్పను. గ్యాస్ పెరుగుతుంటే, దారి దొరికితే ఎలుక తప్పించుకుంటుందని పరిశోధనల్లో తేలింది. పైగా ఎలుక భయపడి పెట్టే కేక 22 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మనిషి చెవి 20 దాటితే వినలేదు. కాబట్టి గ్యారేజీ నిశ్శబ్దంగా ఉంది గనక లోపల భయం లేదనుకోవడం తప్పు. ఆ భయాన్ని తగ్గించే పనులన్నీ అమ్మాయి నేర్చుకుంది. ఎలుక పడుకునే గూటిలోని పాత పేపరు ముక్కలనే నా అడుగున పరుస్తుంది. ఒకదానికొకటి కొత్తవైన ఎలుకలను కలిపి పెట్టదు. ఒకదాని పని అయ్యాక నన్ను కడిగి ఆరబెట్టిగానీ రెండోదాన్ని పెట్టదు. ముందటిదాని భయం వాసనగా నాలో మిగిలిపోకూడదని.

గ్యారేజీ తలుపు ఎత్తి ఉంచుతారు. నాబ్ తిప్పుతారు. ఎలుక మీసాలు ఆడిస్తూ మూలమూలలా వాసన చూస్తుంది. నడక తూలుతుంది. తల పేపర్ల మీద వాలుతుంది. పక్కటెముకలు ఎగసిపడి, ఎగసిపడి ఆగిపోతాయి. మొదటిసారి వాళ్లు తొందరపడింది ఇక్కడే. ఇప్పుడు శ్వాస ఆగినా గ్యాస్ ఆపరు. కనీసం ఒక నిమిషం అలాగే వదలాలి. ఆ తర్వాత ఛాతీ మీద వేలు పెట్టి గుండె చూస్తారు, కంటిని తాకి రెప్ప కదులుతుందేమో చూస్తారు. డాక్టరమ్మ నేర్పినట్టు నాన్న మెడ ఎముకను విడదీసి చావును రూఢి చేస్తాడు. ఫ్రీజర్ ఆ తర్వాతే.

ఒకసారి అప్పుడే పుట్టిన ఎర్రటి ఎలుక పిల్లల గురించి అడిగారు. గర్భంలో తక్కువ ఆక్సిజన్‌కు అలవాటుపడిన ప్రాణాలు గనక ఆ గ్యాస్‌కు వాటికి 50 నిమిషాల దాకా పట్టొచ్చంది డాక్టరమ్మ. ఆ సాయంత్రమే అమ్మాయి మగ ఎలుకలనూ ఆడ ఎలుకలనూ వేర్వేరు గూళ్లలోకి మార్చింది. అవసరానికి మించి పుట్టించకపోవడం కూడా దయేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

మొన్న అమ్మ మొదటిసారి గ్యారేజీలోకి వచ్చింది. చేతిలో వంటింటి టైమర్ ఉంది. నా వంక చూడలేదు గానీ వెనక్కీ వెళ్లలేదు. లోపల పక్కటెముకలు ఆగినప్పుడు అమ్మాయి తల ఊపింది, అమ్మ టైమర్ నొక్కింది. అది మోగాక సిలిండర్ కట్టేయడానికి నాన్న చెయ్యి చాచాడు.

"ఉండండి" అంది అమ్మ, టైమర్ మళ్లీ నొక్కుతూ. "ఇంకొక్క నిమిషం."