ఇరవై బిట్లు, పద్దెనిమిది చక్రాలు

'హెవీ లైసెన్స్ గ్యారంటీ' రీళ్ళు మీ ఫోన్లోకి కూడా వచ్చే ఉంటాయి. నల్లకళ్ళద్దాల పిల్లగాడు స్టీరింగు ముందు కూచుని, "అన్నా, ఈ బిట్లు సూస్కొని పో, పాస్ గాకుంటే నన్నడుగు" అంటాడు. కింద పీడీఎఫ్, పక్కన ఫోన్‌పే నంబరు. నార్కట్‌పల్లి దాబాల దగ్గర, మిర్యాలగూడ రైస్ మిల్లుల గేట్ల ముందు లోడు కోసం పడిగాపులు పడే కుర్రాళ్ళు పేకముక్కలు పక్కన పెట్టి ఇవి బట్టీ కొడుతున్నారు. గ్రూప్స్ అభ్యర్థులకు కూడా ఇంత దీక్ష లేదు.

ఆ బిట్లు నేనూ తిరగేశాను. తెల్లకర్ర పట్టుకున్న అంధుడు రోడ్డు దాటుతుంటే ఏం చేస్తావు? జీబ్రా గీతల దగ్గర జనం నిలబడితే ఏం చేస్తావు? హారన్ కొట్టుకుంటూ పోతావా, నెమ్మదిగా పోతావా, ఆగి వాళ్ళు దాటాక పోతావా? మూడింట్లో మర్యాద ఎక్కడ ఎక్కువుంటే అది నొక్కడమే. 20 ప్రశ్నల్లో 12 వస్తే చాలు. జన్మలో క్లచ్ తొక్కని మా పెద్దమ్మ పదహారుకు తగ్గదు.

అసలు తమాషా అది కాదు. ఈ పిల్లలు చదువుతున్న హెవీ పరీక్ష లేనే లేదు! చట్టం ప్రకారం లారీ లైసెన్స్ కావాలంటే ముందు ఏడాది పాటు కారు లైసెన్స్ చేతిలో ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో పదకొండోది చూడండి. అప్పటికే లైసెన్స్ ఉన్నవాడికి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) ముందు పెట్టే ప్రశ్నల పరీక్ష అక్కర్లేదంటుంది. అంటే కారు తోలేవాణ్ణి ఇరవై ప్రశ్నలు అడుగుతారు. అదే మనిషి లారీ ఎక్కుతానంటే ఒక్కటీ అడగరు. లేని పరీక్షకు గైడు, ఆ గైడుకు కోచింగు, ఆ కోచింగుకు ఫోన్‌పే. పైసలు పోసి చదివినవాడు ఆఫీసుకు పోయి, పేపరు ఎక్కడిస్తారని అడిగితే కిటికీ లోపలాయన పాపం ఏమని చెబుతాడు?

ఆ పదకొండో నిబంధన ఎంత పాతబడిందంటే, కాపలా లేని రైలు గేటు దగ్గర ఎట్లా దాటాలో ఇప్పటికీ తెలిసుండాలంటుంది. బ్రాడ్‌గేజ్ మీద అలాంటి గేట్లు 2019 జనవరికే ఎత్తేశారు.

సరే, కాగితం లేకపోతేనేం, తోలి చూపించే పరీక్ష ఉంది కదా అంటారు. ఉంది. డ్రైవింగ్ స్కూలు వాళ్ళ ఖాళీ లారీ ఒకటి ట్రాకు మీదికొస్తుంది. అభ్యర్థి దాన్ని ముందుకు తోలి, వెనక్కు తోలి, దిగుతాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు సంతకం చేస్తారు. ఆ సంతకంతోనే రేపు దామరచర్ల, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల నుంచి 55 టన్నుల ట్రైలర్ తోలుకుపోవచ్చు. ఎందుకంటే 1994 సవరణలో మీడియం గూడ్స్, హెవీ గూడ్స్, ప్యాసింజర్ అన్నిటినీ కలిపి 'ట్రాన్స్‌పోర్ట్ వాహనం' అని ఒకే ముద్ద చేశారు. 2018లో బరువు పరిమితి 49 నుంచి 55 టన్నులకు పెంచారు. పరీక్షను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

లారీ వేరు, ట్రైలర్ వేరు. ఖాళీ లారీ తోలించి ట్రైలర్ చేతికివ్వడం తాటిచెట్టు బొమ్మ చూపించి మోకు కట్టుకొమ్మన్నట్టుంది. వెనక్కు తోలేటప్పుడు వెనక తగిలించిన ట్రాలీ తోక ఎడమకు పోవాలంటే స్టీరింగు ముందుగా కుడికి తిప్పాలి. మూల తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకొస్తాయి. వానరోడ్డు మీద బ్రేకు అదిమితే ట్రాలీ పక్కకు తన్నుకొచ్చి బండి మడతపడుతుంది. ఖాళీ ట్రైలర్ తొందరగా ఆగుతుందనుకుంటాం. కానీ బరువు లేక చక్రాలకు పట్టు చిక్కదు, ఇంకా దూరం పోయి ఆగుతుంది. ట్రాలీ తగిలించాక లైటు వేసుకుని బండి కిందికి దూరి, కింగ్‌పిన్ చుట్టూ కొక్కెం పూర్తిగా పడిందా లేదా కళ్ళతో చూడాలి. ఎయిర్ పైపులు అటుదిటు పెడితే ట్రాలీ బ్రేకులు సరిగా పనిచేయవు.

అమెరికాలో ట్రైలర్ తోలాలంటే ఈ సంగతుల మీదే ప్రత్యేకంగా ఓ పేపరు ఉంది. విచిత్రం, అందులోనూ ఇరవై ప్రశ్నలే. నూటికి ఎనభై రావాలి. పేపరు ఒక్కటే కాదు, 2022 ఫిబ్రవరి నుంచి గుర్తింపున్న చోట శిక్షణ తీసుకోనిదే కొత్తవాణ్ణి ట్రైలర్ తోలే పరీక్షకు రానివ్వరు. మన కుర్రాడు కనీసం ఆ బిట్లు చదివినా ఒకటో రెండో ప్రాణాలు మిగులుతాయి.

మన దగ్గరా శిక్షణ పత్రం ఉందండీ, ఫాం ఫైవ్. బండి నేర్పామని స్కూలు రాసిచ్చే కాగితం. అది ఎట్లా దొరుకుతుందో, ఎంతకు దొరుకుతుందో లారీ అడ్డాలో ఏ టీ కొట్టాయన్నడిగినా చెబుతాడు. 2021లో కేంద్రం గుర్తింపు శిక్షణ కేంద్రాలన్నది. హెవీకి ఆరు వారాలు, 38 గంటలు. ఆరు వారాలు బత్తా లేకుండా ఏ లారీ పిల్లగాడు కూచుంటాడు? వాడింట్లో పొయ్యి వెలగొద్దా?

ఒకప్పుడు ఈ చదువంతా క్లీనరుకు డ్రైవరే చెప్పేవాడు. ఏండ్ల తరబడి గ్రీజు పూసి, తిట్లు తిని, రాత్రిపూట ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టి నేర్చుకునేవాడు. ఒక మనిషి జీతం మిగులుతుందని ఓనర్లు క్లీనర్లను తీసేశారు. ఆ బడి మూతబడింది. దాని బదులు సర్కారు ఇంకో బడి తెరవలేదు.

నేర్పని సర్కారుకు శిక్ష మాత్రం బాగా తెలుసు. గుద్ది ప్రాణం తీసి, చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలని భారతీయ న్యాయ సంహితలో 106(2) రాశారు. 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు ఆపితే పెట్రోలు బంకుల ముందు మనమంతా క్యూ కట్టాం. అప్పుడు కానీ ఆ ముక్కను పక్కన పెట్టలేదు. పదేళ్ళ జైలు రాయడానికి చేయి వణకలేదు, పది నిమిషాల ట్రైలర్ పరీక్ష రాయడానికి ముప్పై ఏళ్ళుగా తీరిక లేదు! హైవే మీద ట్రాలీ పల్టీ కొట్టిన మర్నాడు పేపర్లో 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని ఒక్క ముక్క. సంతకం పెట్టినాయన నిర్లక్ష్యం ఏ జోన్ ఎడిషన్‌లోనూ రాదు.

జనవరిలో రోడ్డు భద్రత మాసమని బడిపిల్లలతో ర్యాలీ తీస్తారు. కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మంచిదే, చల్లగా పల్టీ కొడతారు.

రవాణా శాఖ పెద్దలకు ఒక్కటే విన్నపం. కొత్త సెన్సర్ ట్రాకులు తర్వాత చూద్దాం. జిల్లాకో పాత ట్రైలర్ తెచ్చి ఆవరణలో నిలబెట్టండి. ట్రాలీ తగిలించమనండి, విప్పమనండి, వెనక్కు తోలమనండి. అది రానివాడికి ఎంత తెలిసినవాడు ఫోన్ చేసినా సంతకం పెట్టకండి.

అప్పటిదాకా బైకు మీద పోయే అన్నలు, అక్కలు ఒకటి గుర్తుంచుకోండి. ట్రైలర్ ఎడమకు తిరుగుతుంటే దాని ఎడమ పక్క సందులోకి దూరకండి. వెనక చక్రాలు అక్కడికే వస్తాయి. ఆ సంగతి తోలేవాణ్ణి ఎవరూ అడగలేదు.