కనపడని చోటే మొదలుపెట్టండి

మిగ్-21 బిస్ యుద్ధవిమానం మోడల్ కిట్ పెట్టె విప్పగానే అందరి చేతులూ రెక్కల మీదికే పోతాయి. మీరు పోనివ్వకండి. పైలట్ సీటు వెనక గోడతో మొదలుపెట్టండి. అసలు విమానంలో 72వ వంతు ఉండే 1/72 కిట్‌లో కాక్‌పిట్ వెడల్పు సెంటీమీటరు, కాస్త అటూఇటూ. దాని మీద నెల రోజులు పెట్టండి. అంతా అయ్యాక కానపీ, అంటే కాక్‌పిట్ మీది పారదర్శకపు మూత, మూసి అతికించేయండి, తెరిచి ఉంచకండి. ఎవరికీ సరిగా కనపడని దానికి అంత శ్రమ ఎందుకని పోటీల్లో మార్కులు వేసేవాళ్ళు అడుగుతారు. అడగనివ్వండి. మోడల్ కట్టడమంటే అసలు విమానాన్ని వేళ్ళతో చదవడం. అల్మరాలో పెట్టుకోవడమే ముఖ్యమైతే రంగులు వేసిన విమానాలు తయారుగా అమ్ముతారు, అవి కొనుక్కోవచ్చు.

ఉదాహరణకు డయళ్ళ పలకే తీసుకోండి. మిగ్-21 పలక మీద నిలువుగా ఒక తెల్లగీత ఉంటుంది. విమానం స్పిన్‌లో పడి గిరగిరా తిరిగేటప్పుడు పైలట్ కంట్రోల్ కర్రను ఆ గీతకు సూటిగా తెచ్చి నిలపాలి. కర్ర సరిగ్గా మధ్యలో ఉందని కళ్ళకు తెలిపే గుర్తు అది. ఒళ్ళంతా దిక్కుతోచని ఆ క్షణంలో మనిషి తన చేతిని తాను నమ్మలేడని ఎరిగినవాళ్ళు గీసిన గీత అది. చాలా కిట్‌లతో వచ్చే డీకాల్ మీద, అంటే నీటిలో నానబెట్టి అంటించే అచ్చు పొర మీద, ఆ పలక మొత్తం అచ్చయి ఉంటుంది. ఆ డీకాల్ పక్కన పెట్టేయండి.

గీతను చేతితో చేయండి. కిట్ భాగాలు వేలాడే స్ప్రూ ముక్క ఒకటి తుంచి, కిటికీ తెరిచి, కొవ్వొత్తి మంటకు తగలకుండా కాస్త పైన తిప్పుతూ ఉండండి. మెరుపెక్కి వంగబోతుండగా పక్కకు తీసి రెండు చేతులా లాగండి. నెమ్మదిగా లాగితే లావు తీగ వస్తుంది, చురుగ్గా లాగితే వెంట్రుకంత సన్నగా వస్తుంది. చల్లారేదాకా బిగువు వదలకండి. దానికి తెల్లరంగు వేసి, ఆరాక కోసి పలక మీద అతికించండి. కుంచెతో గీసిన గీతకు అంచులు వణుకుతాయి, దీనికి వణకవు. డయళ్ళ మీద చివర్లో మెరుపు వార్నిష్ ఒక్కో చుక్క పెడితే అద్దాలైపోతాయి. ఇదంతా కానపీ కింద మసకగానే కనిపిస్తుంది. కానీ ఆ గీత ఎందుకుందో మీకు ఇక జన్మలో మరపు రాదు.

రెజిన్ కాక్‌పిట్‌లు కొనకండి. చెక్ కంపెనీ ఎడ్వార్డ్ అమ్మే, రంగులు ముందే వేసిన లోహపు రేకులూ కొనకండి. అవి బాగాలేవని కాదు, చాలా బాగుంటాయి. మీరు నేర్చుకోవలసిన పని వాళ్ళు ముందే చేసేశారు, అదీ నా అభ్యంతరం. సీటు బెల్టులకు మాత్రల స్ట్రిప్ వెనక రేకు చాలు. పాడైన చార్జర్ తీగ విప్పండి, లోపల సన్నని రాగి పోగులుంటాయి. మిల్లీమీటరులో పదో వంతు పోగును 72 రెట్లు పెంచి చూడండి, ఏడు మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే పెన్సిలంత లావు కేబుల్. చక్రాల గూడులో పరచడానికి ఇంతకంటే మంచి సరుకు ఏ దుకాణంలోనూ దొరకదు. ముక్కు మీద గాలి వేగం కొలిచే పిటో గొట్టం కొసకు 26 గేజి కొత్త సూది పెట్టండి. బిస్‌లో ఆ గొట్టం ముక్కు పైభాగాన కుడివైపుకు జరిగి ఉంటుంది. తొలినాటి ఎఫ్-13 రకంలో ముక్కు కింద ఉండేది. ఫొటో చూడకుండా అతికించకండి.

ఇప్పుడు అందరికీ కోపం తెప్పించే సలహా. విమానం ఒంటి మీది గీతలు పూడ్చేయండి. రేకుల అతుకులని కిట్ కంపెనీలు లోతుగా చెక్కిన ఆ గీతల్లో నల్లరంగు పారించడం ఇప్పుడు ఆచారమైపోయింది. లెక్క వేయండి. గీత వెడల్పు 0.15 మిల్లీమీటర్లనుకుంటే అసలు విమానంలో అది దాదాపు 11 మిల్లీమీటర్ల పగులు. ధ్వనిని మించి ఎగిరే విమానానికి వేలు దూరే పగుళ్ళుంటాయా? స్ప్రూ ముక్కల్ని జిగురులో కరిగించి ఆ ముద్దతో పూడ్చండి. రెండు రోజులు ఆరనిచ్చి 600, తర్వాత 1000 నంబరు నీటి కాగితంతో రుద్దండి. ఫ్లాప్‌లు, ఏలరాన్‌లు, తెరుచుకునే మూతలు మాత్రం అలాగే ఉంచండి, అవి అసలుదానిలోనూ విడిగా కనిపిస్తాయి. మిగతా అతుకుల్ని రంగు పూర్తయ్యాక గట్టి పెన్సిలుతో లీలగా గీసి, పైన మ్యాట్ వార్నిష్ వేయండి.

రంగు డబ్బాల మీది నంబర్లనూ నమ్మకండి. మోడలర్లు వల్లించే అయిదంకెల ఎఫ్‌ఎస్ నంబర్లు అమెరికా ప్రభుత్వం తన అవసరాల కోసం చేసుకున్న పట్టికలోవి. నాసిక్‌లో తయారై, రాజస్థాన్‌లో నాల్, సూరత్‌గఢ్ ఎండలో ఏళ్ళు నిలబడ్డ విమానానికి ఏ పట్టికా సరిపోదు. అస్సాంలో తేజ్‌పూర్ వానల్లో తడిసినదానికీ సరిపోదు. పైగా 30 సెంటీమీటర్ల దూరం నుంచి మీ మోడల్ చూడటమంటే అసలుదాన్ని 21 మీటర్ల అవతల నుంచి చూడటం. అంత దూరంలో రంగులు కాస్త వెలిసినట్టు కనిపిస్తాయని చాలామంది మోడలర్లు నమ్ముతారు. ఫొటో ముందు పెట్టుకుని కంటితో కలపండి, ఒక చుక్క తెలుపు ఎక్కువే పడనివ్వండి. కాక్‌పిట్ లోపల వేసే రష్యన్ నీలిపచ్చ రంగుకూ ఇదే పద్ధతి.

తుప్పూ మసీ పులమడం గురించి ఒక్క మాటే. విమానాన్ని రోజూ తుడిచి, కడిగి, పరీక్షించి పంపిన మనుషులున్నారు. వాళ్ళ పనిని అవమానించేంత మురికి పూయకండి.

ఆ మనుషుల దగ్గరికే వెళ్ళమని నా చివరి సలహా. కొలతల పుస్తకాలు తర్వాత తెరవండి. మిగ్-21 మన వైమానిక దళంలోకి 1963లో వచ్చింది, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. మిగ్‌ల తయారీలో విమానం ఒళ్ళు నాసిక్‌లో, ఇంజను ఒడిశాలోని కొరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు మన హైదరాబాద్ బాలానగర్‌లో చేశారు. ఆ పరికరాలు బిగించినవాళ్ళు, స్క్వాడ్రన్లలో వాటిని విప్పి సరిచేసిన ఎయిర్‌మన్లు రిటైరై మన ఊళ్ళలోనే ఉన్నారు. ఏ పైపు ఎటు పోతుందో, ఏ మూత చేతికి ఇబ్బందిగా ఉండేదో వాళ్ళకు గుర్తుంటుంది. చాలామందికి వయసు మీద పడింది. మీ వీధిలో అలాంటి పెద్దాయన ఒకరుంటే, కిట్‌కు జిగురు పెట్టకముందే పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టండి, చెప్పింది రాసుకోండి.