ఇనుపగద్దె పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ఏడు సీమలేలు నినుపగద్దె కథను
ఏళ్ళకేళ్ళు నడిపిరింపు మీఱ;
తుదకు వచ్చువేళ తొందరపడి వారు
చుట్టినారు చాప చుట్టినట్లు.

అవతారిక: ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే దృశ్యప్రబంధం 2019 మే 19, ఆదివారం రాత్రి అమెరికాలో ముగిసింది. మనకు అది సోమవారం తెల్లవారి ఆరున్నర. స్పాయిలర్లు చెవిన పడకముందే చూసేయాలని అలారం పెట్టుకుని లేచి, హాట్‌స్టార్ ముందు కూర్చుని, 80 నిమిషాలూ కళ్ళార్పకుండా చూసి, ఆఫీసుకు బయల్దేరుతూ తెలుగు ప్రేక్షకులు అన్న మాట ఒక్కటే: “చాప చుట్టేశార్రా బాబూ!” ఆ మాటకు గణాలు కడితే ఈ పద్యమైంది. కర్త అజ్ఞాతుడు. టీకాకారుడే కర్త అని గిట్టనివాళ్ళు అంటారు.

ప్రతిపదార్థం: ఏడు సీమలు = వెస్టెరోస్ ఖండంలోని ఏడు రాజ్యాలను (చివరి ఎపిసోడ్‌లో సాన్సా ఉత్తరసీమను విడగొట్టుకుని పోయాక మిగిలినవి ఆరే; కవి ‘ఏడు’ అన్నది ఉపక్రమాన్ని పట్టి, ఉపసంహారాన్ని పట్టి కాదు); ఏలు = పాలించే; ఇనుపగద్దె కథను = ఓడినవాళ్ళ కత్తులను డ్రాగన్ నిప్పుతో కరిగించి చేసిన సింహాసనపు కథను; ఏళ్ళకేళ్ళు = 2011 ఏప్రిల్ 17 మొదలుకొని ఎనిమిదేళ్ళు (2018 శూన్యమాసం, ఆ ఏడు ఒక్క ఎపిసోడూ రాలేదు); ఇంపు మీఱ = ఇంపు అతిశయించేలా (తలలు నరకడం, పెళ్ళి విందులో పీకలు కోయడం ఇక్కడ ఇంపు; రసికులు సరిపెట్టుకోవాలి); నడిపిరి = నడిపించారు; తుదకు వచ్చువేళ = ఏడు, ఎనిమిది సీజన్లలో; తొందరపడి = కాలు నిలవక; వారు = ఈ సిరీస్‌ను నడిపిన బెనియాఫ్, వైస్ అనే జంట; చాప చుట్టినట్లు = బంతిలో కూర్చున్నవాళ్ళు పెరుగన్నం దగ్గర ఉండగానే వెనక నుంచి చాప లాగి చుట్టినట్లు; చుట్టినారు = ముగించారు.

ఒకటో పాదం చివర ‘కథను’, రెండో పాదం మొదట ‘ఏళ్ళకేళ్ళు’. ద్రుతం మీద అచ్చు వస్తే సంధి చేయాలి, చేయలేదు. విసంధి దోషమే. కవి కూడా తొందరలోనే ఉన్నాడనడానికి ఇది జ్ఞాపకం.

తాత్పర్యం సులభం. చిక్కంతా విశేషాల్లోనే.

శంక: తొందర ఎక్కడుంది? మొత్తం 73 ఎపిసోడ్లు. మొదటి ఆరు సీజన్లకు తలా పది, ఏడోదానికి ఏడు, ఎనిమిదోదానికి ఆరు. నిజమే, లెక్క తగ్గింది. అయితే ఆ చివరి ఆరింటిలో మూడోది 82 నిమిషాలు, ఆఖరిది 80. ఆరూ కలిపితే ఏడు గంటల పైమాట. ఏడు గంటలు తీసుకున్నవాణ్ణి తొందరపడ్డాడనడం న్యాయమా?

సమాధానం: తొందర గడియారంలో లేదు, దారిలో ఉంది. మొట్టమొదటి ఎపిసోడ్‌లో రాబర్ట్ మహారాజు రాజధాని నుంచి వింటర్‌ఫెల్‌కు వస్తాడు. నెల రోజులుగా గుర్రాల మీద వస్తున్నామని రాణి సెర్సీ విసుక్కుంటుంది. ఆ నెల ఊరికే పోలేదు. రెండో ఎపిసోడ్‌లో తిరుగు ప్రయాణమే కథ: దారిలో ఏటి ఒడ్డున ఆర్యాకూ యువరాజు జాఫ్రీకీ తగవు, కసాయివాడి కొడుకు చావు, సాన్సా పెంచుకున్న తోడేలును ఆమె తండ్రే చంపవలసి రావడం. రెండు వంశాల పగ అంతఃపురంలో పుట్టలేదు, బాట మీద పుట్టింది. అదే కథ ఏడో సీజన్ ఆరో ఎపిసోడ్‌కు వచ్చేసరికి ఏమైందో చూడండి. గోడకు అవతల, గడ్డకట్టిన మడుగు నడుమ ఒక బండ మీద జాన్ స్నో మనుషులు చిక్కుకుంటారు. గెండ్రీ పరుగెత్తి గోడ చేరుతాడు, అక్కడి నుంచి కాకి డ్రాగన్‌స్టోన్‌కు ఎగిరి వెళుతుంది, కబురందుకున్న డ్రాగన్ల రాణి డెనేరిస్ మూడు డ్రాగన్లతో అంతదూరమూ ఎగిరి వస్తుంది. అప్పటికి బండ మీద వాళ్ళు గడిపింది, చూసేవాడికి తోచినంత వరకు, ఒక్క రాత్రి. కాలం లెక్క కాస్త మసకగా ఉంచామని ఆ ఎపిసోడ్ దర్శకుడు అలన్ టేలరే ఒప్పుకున్నాడు. కాబట్టి ‘తుదకు’ అన్నచోట చాలామంది అనుకున్నట్టు ఆఖరి ఎపిసోడ్ అని అర్థం చెప్పుకోకూడదు. బాట మాయమైన చోటే తుద మొదలైంది.

ఇక్కడ ప్రాచీనులకూ నవీనులకూ భేదముంది. 2011 నుంచి వారం వారం చూసినవాళ్ళు ప్రాచీనులు, అంతా అయ్యాక రెండు వారాంతాల్లో నమిలేసినవాళ్ళు నవీనులు. నవీనులకు తొందర అంతగా తెలియదట. వాళ్ళూ అదే వేగంతో వచ్చారు కదా.

‘వారు’ అనే బహువచనాన్ని గురించి. జంటగా ఒక కృతి నడపడం మనకు వింత కాదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా చేసి చూపించారు. అవధానానికి చివర ధారణ ఉంటుంది, చెప్పిన పద్యాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పాలి. ఈ జంట చిక్కింది అక్కడే. ఆఖరి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో సముద్రం మీద శత్రువు యూరాన్ ఓడలు పొంచి ఉండి డెనేరిస్ డ్రాగన్లలో ఒకదాన్ని కూల్చేస్తాయి. ఆకాశంలో ఎగురుతున్న ఆమెకు అంత పెద్ద నౌకాదళం ఎందుకు కనపడలేదంటే, ఆ దళం సంగతి ఆమె మరిచిపోయింది అన్నట్టు బెనియాఫ్ వివరించాడు. పాత్ర మరిచిందో, పృచ్ఛకుడు అడిగే వేళకు అవధాని మరిచాడో పాఠకులే తేల్చుకోవాలి.

మూలకర్త వేరొకడు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ మొదటి సంపుటం 1996లో, మూడోది 2000లో, నాలుగోది 2005లో, ఐదోది 2011లో వెలువరించాడు. సంపుటాలు లావెక్కాయి, వాటి నడుమ ఎడమూ పెరిగింది. ఆరోదానికి పాఠకులు ఇంకా ఎదురుచూస్తున్నారు. సిరీస్ మొదటి నాలుగు సీజన్లకూ సీజన్‌కొక ఎపిసోడ్ తానే రాసి, తరవాత మానేశాడు. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోతే తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు రాశాడని మనకు తెలుసు. ఇక్కడి విచిత్రమేమిటంటే, నన్నయ ఇంట్లో కూర్చుని రాసుకుంటూ ఉండగానే తిక్కనలిద్దరు వచ్చి స్వర్గారోహణం చేయించేశారు. రేపు మార్టిన్ ముగింపు బయటికి వచ్చి, అందులోనూ ఇదే తొందర కనిపిస్తే, పద్యంలో ‘నడిపిరింపు’ను ‘నడిపెనింపు’ అనీ, ‘పడి వారు’ను ‘పడి తాను’ అనీ, ‘చుట్టినారు’ను ‘చుట్టినాడు’ అనీ దిద్దుకోవచ్చు. గణాలు చెడవు, యతి నిలుస్తుంది.

పూర్వపక్షం: డెనేరిస్ రాజధానిని తగలబెట్టడం హఠాత్తుగా జరిగిందనేవాళ్ళు సరిగా చూడలేదు. మీరీన్‌లో 163 మంది దొరలను కొయ్యలకు మేకులతో కొట్టించినప్పుడే ఆమెలో ఈ నిప్పు ఉంది. రెండో సీజన్‌లోనే ఆమె కలవరింతలో పైకప్పు లేని సభామందిరం, గద్దె మీద తెల్లగా రాలుతున్నదేదో కనిపించాయి, మంచనుకున్నాం, బూడిద. ఏడో సీజన్‌లో టార్లీ తండ్రీకొడుకులను నిలబెట్టి కాల్చింది. ఇన్ని సూచనలుండగా హఠాత్తు అనడమేమిటి?

ఈ పక్షం బలమైనదే, తేలిగ్గా కొట్టేయకూడదు. ఆమె అలా అవుతుందని నమ్మడానికి నాకూ అభ్యంతరం లేదు. అయితే ఆఖరి సీజన్ ఐదో ఎపిసోడ్‌లో ఆ ఘట్టాన్నే దగ్గరగా చూద్దాం. నగరం లొంగిపోయింది. గంటలు మోగుతున్నాయి. డెనేరిస్ కోటగోడ మీద డ్రాగన్ వీపున కూర్చుని ఎదురుగా రాజప్రాసాదాన్ని చూస్తోంది. ఊపిరి బరువుగా తీస్తోంది, పెదవులు బిగుసుకుంటున్నాయి, ముఖం వంకర తిరుగుతోంది. అంతే, లేచి ఎగిరింది. వీధులు వీధులుగా నిప్పు. దర్శకుడు మిగెల్ సపోచ్నిక్ కెమెరాను కిందికి దించి బూడిదలో పరుగెత్తే ఆర్యాతో పాటు నడిపించాడు. డెనేరిస్ ముఖం ఆ ఎపిసోడ్‌లో మళ్ళీ కనపడదు. చిత్రీకరణగా చూస్తే గొప్ప నిర్ణయం. ఆ నటి కూడా ఆ కొద్ది క్షణాల్లో చేయగలిగినదంతా చేసింది. కాని ఎనిమిదేళ్ళు సంకెళ్ళు తెంచినదని పేరు పొందిన స్త్రీ పసిపిల్లల్ని కాల్చే స్త్రీగా మారడమనే భారాన్నంతా ఆ కొద్ది క్షణాల మీద పెట్టారు. వింటర్‌ఫెల్ విజయానికీ ఈ గంటలకూ నడుమ ఉన్నది ఒక్క ఎపిసోడ్. అందులోనే విందు, జాన్ జన్మరహస్యం పొక్కడం, డ్రాగన్ చావు, చెలికత్తె మిస్సాండే తల తెగడం, వేరిస్ కుట్ర మొదలవడం. ఆమెకు ఏడవడానికి వ్యవధి లేదు. సూచన ఉన్నంత మాత్రాన సంభవం ఉన్నట్టు కాదు. నడుమ సంచారీ భావాలు నడవాలని అలంకారికులు ఊరికే చెప్పలేదు.

మిగతావి త్వరగా. నైట్ కింగ్: మొదటి ఎపిసోడ్ మొదటి దృశ్యం నుంచి కాచుకుని ఉన్న మృత్యువు ఒక్క రాత్రిలో, ఒక్క పోటుతో ముగిసింది. ఆ యుద్ధం తీయడానికే 55 రాత్రులు పట్టింది. తెర మీద కాస్త వెలుతురు ఉంటే అదీ కనపడేది. జేమీ: రెండో ఎపిసోడ్‌లో బ్రియెన్‌కు వీరపదవి ఇచ్చినవాడు నాలుగోదానిలో సెర్సీ దగ్గరికి తిరుగుముఖం పట్టాడు, ఇది నాకు నచ్చింది, అలవాటు అలాంటిదే. బ్రాన్ పట్టాభిషేకం: ఐదో సీజన్‌లో ఒక్కసారైనా కనపడనివాడి కథే అందరి కథల కంటే గొప్పదని టిరియన్ వాదించాడు, సభ ఔనంది. ఇది హేత్వాభాసం. మల్లినాథుడు దిగివచ్చినా సమన్వయించలేడు. గద్దెను కరిగించిన డెనేరిస్ డ్రాగన్ డ్రోగాన్, ఎదురుగా ఉన్న ఆమె హంతకుడు జాన్‌ను ఎందుకు వదిలింది? పూర్వ టీకాకారులు మౌనం వహించారు, మేమూ అంతే.

సిద్ధాంతం: ముగింపు పొట్టిగా ఉండడమే దోషమైతే భారతానికీ ఆ దోషం పట్టాలి. తిక్కన మౌసల, మహాప్రస్థానిక, స్వర్గారోహణ పర్వాలను తలా ఒక్క ఆశ్వాసంలో ముగించాడు. ఒక ఆశ్వాసంలో యాదవకులం తుంగ పట్టుకుని కొట్టుకు చచ్చింది. ఇంకో ఆశ్వాసంలో ద్రౌపదీ, నలుగురు తమ్ములూ దారిలో ఒకరి తరవాత ఒకరు పడిపోయారు. ఎవరూ చాప చుట్టాడనలేదు. ఎందుకని? యుద్ధానికి, అంటే భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య పర్వాలకు కలిపి తిక్కన 13 ఆశ్వాసాలు ఇచ్చాడు. యుద్ధమయ్యాక ఆడవాళ్ళ ఏడుపుకు స్త్రీపర్వం రెండు. ఆపైన శాంతి, ఆనుశాసనికాలకు 11. గెలిచినవాడు రాజ్యం వద్దని మొరాయిస్తాడు, తమ్ములు తిడతారు, అంపశయ్య మీది తాత చెప్పిందే చెబుతాడు. చదివేవాడికి ఆవులింత వస్తుంది, నాకూ వచ్చింది. అయినా ఆ 11 ఆశ్వాసాలు మోశాకే చివరి మూడూ అంత చిన్నవిగా ఉండగలిగాయి.

ఆఖరి ఎపిసోడ్‌లో ఆ చోటెక్కడుందో వెతికితే దొరుకుతుంది. జాన్ స్నో డెనేరిస్‌ను పొడిచాడు. డ్రాగన్ ఆమెను ఎత్తుకుపోయింది. తరవాతి దృశ్యంలో టిరియన్‌ను చెరసాల నుంచి సభకు తీసుకువస్తారు. అతని గడ్డం పెరిగి ఉంది. గడ్డాన్ని హేతువుగా పట్టుకుని వారాలు గడిచాయని అనుమాన ప్రమాణంతో ఊహించుకోవాలి. ఆ వారాల్లో ఏం జరిగింది? రాణి లేదన్న సంగతి సైన్యానికి ఎవరు చెప్పారు? పగతో ఊగిపోతున్న ఆమె సేనాని గ్రే వార్మ్ చంపినవాణ్ణి అక్కడికక్కడే నరకకుండా ఎలా ఆగాడు? కాలిన నగరంలో శవాలు ఎవరెత్తారు? తన చేత్తో ప్రేమించినదాన్ని చంపిన జాన్ మొదటి రాత్రి ఎలా గడిపాడు? సిరీస్‌కు రావలసిన శాంతిపర్వం ఆ గడ్డం వెనక ఉంది. మూడు ఎపిసోడ్లు పట్టేది. చోటు లేకపోలేదు, ఇంకా తీస్తామంటే హెచ్‌బీవో డబ్బు పెట్టడానికి సిద్ధంగానే ఉంది. ఇంత చాలని జంటే అనుకుంది. ఆ ఏడే ఎమ్మీ సభలో ఉత్తమ నాటకమని పట్టం కట్టారు, అదే సీజన్‌ను మళ్ళీ తీయమని పది లక్షలకు పైగా జనం సంతకాలు పెట్టారు. రెండూ జరిగినవే, ఒకదాన్ని బట్టి ఇంకోదాన్ని కొట్టేయనక్కరలేదు.

ప్రక్షిప్త విచారం: నాలుగో ఎపిసోడ్‌లో వింటర్‌ఫెల్ విందు జరుగుతుండగా డెనేరిస్ ముందు బల్ల మీద, కొమ్ముగ్లాసుల మధ్య, మూత పెట్టిన కాగితపు కాఫీ కప్పొకటి కనిపించింది. రాత్రికి రాత్రి లోకమంతా పాకింది. పరిష్కర్తలు తరవాతి ప్రతుల్లో దాన్ని చెరిపేశారు. అది పొరపాటున వచ్చిందనీ, రాణిగారు చెప్పింది మూలికల టీ అనీ హెచ్‌బీవో చమత్కరించింది. కాబట్టి కాఫీయా టీయా అనే పాఠభేదం కూడా ఉంది. మొదటి ప్రతి దాచుకున్నవాళ్ళు కప్పున్న పాఠమే ప్రామాణికమంటారు. మా పక్షమూ అదే. ఆ ఆరు ఎపిసోడ్లలో ఎవరూ తరమకుండా, ఎక్కడికీ ఎగరకుండా, ఉన్నచోట తీరిగ్గా కూర్చున్నది ఆ కప్పొక్కటే. దాన్ని కూడా చెరిపేశారు.